మళ్లీ వచ్చిన రోజు

సోమవారం హాజరు పిలుస్తుంటే రేణిగుంట అంతా కళ్ల ముందు కదులుతుంది. మాది జంక్షన్ ఊరు. పుత్తూరు మీదుగా అరక్కోణానికి, శ్రీకాళహస్తి మీదుగా గూడూరుకు, కోడూరు మీదుగా కడపకు, ఇటు తిరుపతికి, నాలుగు దిక్కులకూ బండ్లున్నాయి. శనివారం సాయంత్రం అవ్వ వాళ్లింటికి రైలెక్కిన పిలకాయల్లో కొందరు మంగళవారానికి గానీ తిరిగి రారు. ఆడికృత్తికకు తిరుత్తణి కావళ్లు, శివరాత్రికి కాళహస్తి, చెనిక్కాయలు పీకే రోజుల్లో సొంతూరు. ఇటుక బట్టీలకూ కట్టడం పనులకూ వచ్చిన కుటుంబాలైతే పని ఎక్కడుంటే అక్కడికి సంసారం ఎత్తుకుంటాయి. ‘ఊరికి పోయుండాడు మేడమ్’, ‘వాళ్ల చెల్లికి బాగలేదంట మేడమ్’... రాని బిడ్డ తరఫున పక్క బిడ్డ చెప్పే జవాబులివి.

జూన్‌లో బడిలో పేరు రాయించడం ఒక్కరోజు పని. ఆ పేరు పిలిచినప్పుడు రోజూ జవాబు వచ్చేలా చూసుకోవడం ఏడాది పొడుగునా చేయాల్సిన పని. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు గట్టి నమ్మకం కుదిరిన సంగతి ఒకటుంది. బిడ్డ బడిలో నిలబడతాడా, జారిపోతాడా అన్నది మానేసిన రోజున తేలదు. మానేసి మళ్లీ వచ్చిన రోజున తేలుతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. ఏడాదికి బడి పనిదినాలు సుమారు 220. ప్రభుత్వ పథకాలకు కావాల్సిన హాజరు 75 శాతం. మార్కుల్లో 75 వస్తే ఇంట్లో సంబరం. హాజరులో 75 అంటే 55 రోజుల చదువు పోయిందని అర్థం. అయిదు తరగతులూ అలాగే గడిస్తే పోయేవి 275 రోజులు, ఒక ఏడాది చదువు కన్నా ఎక్కువే. అమెరికాలో పనిదినాల్లో పదో వంతు మానితేనే దీర్ఘకాలిక గైర్హాజరుగా లెక్కేస్తారు. ఆ లెక్కన మనకు 22 రోజులు. అంటే నెలకు రెండు రోజులు, మహా అయితే మూడు. నెలకు రెండు రోజులంటే ఏ తల్లికీ ఎక్కువనిపించదు. బిడ్డ వెనకబడేది అక్కడే.

మూడో తరగతిలో ఒక పాప ఉండేది. తమ్ముణ్ని చూసుకోవడానికి వారం రోజులు ఇంట్లో ఉండిపోయి వచ్చింది. తను మానేటప్పటికి మేం 58లోంచి 23 తీసేసే లెక్కల్లో ఉన్నాం. వచ్చేసరికి బోర్డు మీద 52లోంచి 27. రెండులోంచి ఏడు పోదు కాబట్టి మిగతా పిల్లలు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుంటున్నారు. ఈ పాప తిరగేసి ఏడులోంచి రెండు తీసి అయిదు వేసింది. పక్క పలక చూసింది. తన జవాబు చెరిపేసి, పలక మీద అరచెయ్యి కప్పేసుకుంది. ఆ పూటంతా నోరు విప్పలేదు. మర్నాడు రాలేదు. ‘కడుపు నొస్తా ఉందంట మేడమ్’ అని పక్కింటి పిల్ల చెప్పింది. ఆ నొప్పి అబద్ధమని నేననుకోను. అందరికీ వచ్చింది తనొక్కదానికే రాకపోతే ఎనిమిదేళ్ల పిల్లకు కడుపులో నొప్పే పుడుతుంది. వారం మానడానికి కారణం తమ్ముడు. ఆ తర్వాతి రోజు మానడానికి కారణం లెక్క.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి పిలిచి వచ్చాను. పొద్దున పాప వచ్చాక చీపురుపుల్లలు ముందు పెట్టాను. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు అయిదు, విడిగా రెండు. ‘ఇందులోంచి ఏడు పుల్లలియ్యమ్మా’ అన్నాను. విడి పుల్లలు రెండూ చేతికి తీసుకుని, కట్టల వైపు చూసి, కాసేపు ఆగి, ఒక కట్టకున్న బ్యాండు లాగేసింది. విప్పమని ఎవరూ చెప్పలేదు. పన్నెండు పుల్లల్లోంచి ఏడు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలూ దొరక్కపోతే ఆ పాప ఆ నెలలో ఇంకెన్ని రోజులు మానేదో!

ఈ పది నిమిషాల పనినే బడి నడిపే పద్ధతిగా మలిచిన చోటు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంలో వై.ఎ.పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. ఒకే గది, అన్ని వయసుల పిల్లలు. మేకలు తోలేవాళ్లు, కోతలప్పుడు మానేసేవాళ్లు అందులో ఉంటారు. అందరూ ఒకే రోజు ఒకే పాఠం చదవాలంటే అక్కడ కుదిరే పని కాదు. అందుకని పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు. ఏ కార్డు తర్వాత ఏది చేయాలో చూపే నిచ్చెన పటం గోడ మీద ఉంటుంది. తను ఏ మెట్టు మీదుందో పిల్లే చూసుకుంటుంది. వారం మాని వచ్చినా ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. తను లేనప్పుడు పాఠం దాటిపోయిందన్న బెంగ ఉండదు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు వచ్చి ఈ బడులు చూసి పోయాక 1995లో కర్ణాటకలో నలి-కలి బోధన మొదలైంది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులూ ఇదే దారి పట్టాయి. ఈ పద్ధతి గొప్పతనం చెప్పేవాళ్లు ఎక్కువగా కార్డుల గురించి చెబుతారు. నాకు నచ్చింది అందులోని మర్యాద. నువ్వు లేని రోజుల్లో నీ చోటు ఎక్కడికీ పోలేదని ఆ నిచ్చెన పిల్లకు చెబుతుంది.

అన్ని బడుల్లో అన్ని కార్డులుండవు. అయినా ఆ మర్యాద ఏ టీచరుకైనా చేతిలో పనే. మాని వచ్చిన బిడ్డను ‘నిన్నెందుకు రాలేదు?’ అని తరగతి ముందు నిలబెట్టి అడగడం నేనెప్పుడూ చేయను. ‘వచ్చినావా, మంచి పని చేసినావు, కూచో’ అంటాను. కారణం మధ్యాహ్నం అన్నం దగ్గర పక్కన కూచుంటే వాడే చెబుతాడు. ప్రతి బిడ్డకూ ఒక జత ఉంటుంది. జతలో ఒకరు రాని రోజు రెండోవాళ్లు ఆ రోజు పాఠం గుర్తుపెట్టుకుని, వచ్చాక చూపించాలి. నా దగ్గరున్న చిన్న నోట్‌బుక్కులో ఎవరు ఏ పాఠం దగ్గర మానారో రాసుంటుంది. ప్రార్థన అయ్యాక మొదటి పీరియడు వాళ్లదే. ఇప్పుడు హాజరు ఫోన్లో వేస్తున్నాం. ఎవరు రాలేదో అరక్షణంలో రాజధాని దాకా తెలుస్తుంది. ఎందుకు రాలేదో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు ఆ ఇంటి గడప దాకా నడవాల్సిందే.

ఏడాదంతా ఒక్కరోజూ మానని పిల్లలకు బహుమతులివ్వడం చాలా బడుల్లో ఆనవాయితీ. మంచి ఉద్దేశమే. కాని జూలైలో జ్వరం వచ్చి రెండు రోజులు పడుకున్న బిడ్డకు ఆ బహుమతి అప్పుడే చేజారుతుంది. కాలిఫోర్నియాలో ఆరు, ఆ పై తరగతుల పిల్లల మీద చేసిన ఒక పరిశీలనలో, అప్పటికే బాగా వచ్చినవాళ్లకు అవార్డులిస్తే ఆ తర్వాత వాళ్ల హాజరు పెరక్కపోగా కాస్త తగ్గింది. పోయిన నెల కన్నా ఈ నెల ఎక్కువ రోజులు వచ్చిన బిడ్డకు చప్పట్లు కొట్టించడం మేలు. అది ఏ బిడ్డకైనా అందే గౌరవం.

ఇక మొదటి రోజు ఎందుకు మానతారన్న మాట. గాజులమండ్యం పారిశ్రామికవాడకూ తిరుపతి హోటళ్లకూ పనికిపోయే తల్లులు తెల్లవారకముందే ఇల్లు కదులుతారు. నిద్ర లేపేవాళ్లుండరు. లేచినా జడ వేసేవాళ్లుండరు. చెదిరిన జుట్టుతో వస్తే తోటివాళ్లు నవ్వుతారని ఇంట్లో ఉండిపోయే ఆడపిల్లలున్నారు. అందుకని వరండాలో ఒక దువ్వెన, కొబ్బరినూనె సీసా, రిబ్బన్లు పెట్టుకున్నాం. ‘జడలు లేకపోయినా రా, ఇక్కడ వేసుకుందాం’ అని చెప్పాం. అయిదో తరగతి పిల్లలు రెండో తరగతి వాళ్లకు వేస్తారు. ఏ ప్రణాళికలోనూ లేని పని ఇది. కాని హాజరు పట్టీలో కనబడుతుంది. తమ్ముళ్ల సంగతికి మందు అంగన్‌వాడీ. అది బడి ఆవరణలోనే ఉంటే అక్క తరగతిలోనూ తమ్ముడు పక్క గదిలోనూ ఉంటారు. కట్టే ప్రతి కొత్త గదికీ ముందు ఈ ఆలోచన రావాలి.

తిండి సంగతి వేరే చెప్పాలా! మన పక్క తమిళనాడులో కామరాజ్ 1956లోనే బడిలో మధ్యాహ్న భోజనం పెట్టించారు. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి ప్రాథమిక పాఠశాలలన్నిటా మొదలైంది. 2024 నుంచి అది డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తోంది. గోదావరి లంకల్లో ఆకలన్నవాడికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. గుడ్డు, చిక్కీ, రాగిజావ పిల్లల్ని ఎంతగా నిలబెట్టాయో వడ్డించే మాకు తెలుసు. ఇక మిగిలింది పొద్దుటి పూట. తమిళనాడు 2022 సెప్టెంబరులో ఒకటి నుంచి అయిదో తరగతి దాకా వేడి టిఫిన్ మొదలుపెట్టింది. తల్లి తెల్లవారుజామునే పనికిపోయే మాలాంటి ఊళ్లలో అది చాలా అవసరం. పొయ్యి వెలగని ఇంట్లోంచి తొమ్మిదింటికి బడికి రమ్మనడం కన్నా, వస్తే వేడిగా ఉప్మా ఉందనడం బిడ్డకు అర్థమయ్యే పిలుపు. మన రాష్ట్రంలోనూ అది రావాలని గట్టిగా కోరుతున్నాను.

పేదవాళ్లకు చదువు మీద ధ్యాస లేదనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి.ఫౌండేషన్ తరఫున పనిచేసి ఈ మాట తప్పని చూపించారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్నది ఆమె పట్టు. నమ్మకంగా పిలిచి, బడిలో చోటు చూపిస్తే కూలిపని చేసే తల్లిదండ్రులు కష్టానికి ఓర్చుకుని పిల్లల్ని పంపారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. నేనూ ఇంటింటికీ తిరిగి చూసింది అదే. తల్లులకు లేనిది ధ్యాస కాదు, లెక్క. ‘మావాడు ఎప్పుడో ఒకరోజు మానుంటాడు మేడమ్’ అంటుంది తల్లి. నెలాఖరున చీటీ మీద తేదీలతో సహా రాసి చూపిస్తే ఆశ్చర్యపోతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వేల కుటుంబాలకు ‘మీ బిడ్డ ఇన్ని రోజులు బడికి రాలేదు’ అని ఉత్తరాలు పంపితే, దీర్ఘకాలిక గైర్హాజరు పదో వంతు దాకా తగ్గింది. ఉత్తరంలో మందలింపు లేదు, ఉన్నది అంకె మాత్రమే. నెలకొక చీటీ మనమూ పంపగలం.

డబ్బు సాయం తక్కువదని నేననను. 2020 జనవరి 9న చిత్తూరులోనే అమ్మఒడి మొదలైంది. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ వర్తించింది. బిడ్డకు 15,000 రూపాయల లెక్కన బడి నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడ్డాయి. పుస్తకాలకూ చెప్పులకూ ఇంటి అవసరాలకూ అది పెద్ద ఆసరా. కాని ఆ డబ్బు ఏడాదికొకసారి తల్లికి అందేది. బిడ్డ బడికి రావాలా వద్దా అని తేల్చుకునేది ప్రతి పొద్దునా. ఆ పొద్దున బిడ్డను లాక్కొచ్చేది నిన్న తరగతిలో తనకెదురైన ముఖమే.

అందుకే ఊరివాళ్లందరికీ ఒక విన్నపం. తల్లిదండ్రులారా, ఊరి ప్రయాణం ఆదివారం సాయంత్రానికి ముగించుకోండి. తప్పక మాన్పించాల్సి వస్తే ఆ మాట ముందుగా మాకు చెప్పండి, పాఠం దాచిపెడతాం. పనిలో పెట్టుకున్న యజమానులారా, పసిబిడ్డల తల్లులకు షిఫ్టు వేసేటప్పుడు బడి గంట వేళ గుర్తుంచుకోండి. బడి వేళకు వీధిలో తిరిగే పిలకాయ కనబడితే ‘బడికెందుకు పోలేదురా’ అని ఎవరూ గద్దించకండి. నాలుగు రోజులు మాని, లోపలికి ఎలా రావాలో తెలియక గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగినవాడై ఉండొచ్చు. చెయ్యి పట్టుకుని తరగతి దాకా తోడు రండి. ఎంత ఆలస్యమైనా పర్వాలేదు, లోపల మేం చూసుకుంటాం.