తుపాకీ పేలక ముందు

యుద్ధం చూసొచ్చిన రచయిత యుద్ధం గురించే రాస్తాడనుకుంటాం. తెలంగాణ సాయుధ పోరాటంలోంచి వచ్చిన నవలలు చదివితే ఆ లెక్క కుదరదు.

వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం జైళ్ళలో ఏళ్ళు గడిపారు. ఆయన 'ప్రజల మనిషి'లో గెరిల్లా దళాలు లేవు. కథ సాయుధ పోరాటం దాకా రానే రాదు. వెట్టి, దొర లాక్కున్న పొలం, మతమార్పిడుల గొడవ, ఊళ్ళోకి మెల్లగా వచ్చే ఆంధ్ర మహాసభ: ఇవే అందులో ఉన్నవి. 'జైలు లోపల' కథల్లోనూ అంతే. తోటి ఖైదీ చేసిన నేరం కంటే, ఆ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడన్న దాని మీదే ఆయనకి ఆసక్తి.

దాశరథి రంగాచార్య స్వయంగా పోరాటంలో ఉన్న మనిషి. ఆ రోజుల సంగతులు 'జీవనయానం' అనే ఆత్మకథలో చెప్పుకున్నారు. 1969లో వచ్చిన 'చిల్లర దేవుళ్ళు'లో మాత్రం కనిపించేది గడీ, వెట్టి, ఆడబాపల బతుకు. సంగీతాన్ని నమ్ముకుని ఆంధ్ర నుంచి వచ్చిన సారంగపాణితో పాటు మనమూ ఆ ఊళ్ళోకి అడుగుపెడతాం.

నాకు తోచేది ఇది. పోరాటం ముగిశాక అందులో ఉన్నవాళ్ళని తొలిచే ప్రశ్న ఒకటుంటుంది: దొర ఎదురైతే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచినవాడు తుపాకీ దాకా ఎలా వచ్చాడు? జవాబు కోసం వెనక్కే వెళ్ళాలి. సెవాస్తపోల్‌లో ఫిరంగుల మధ్య గడిపిన టాల్‌స్టాయ్ కూడా డిసెంబరిస్టు తిరుగుబాటుదారుడి మీద నవల రాయబోయి, వెనక్కి వెనక్కి జరుగుతూ 1805కి చేరి 'యుద్ధమూ శాంతీ' రాశాడు.

అయితే ఈ వెనక్కి నడకలో ఒక నష్టం కూడా ఉంది. 1948 సెప్టెంబర్‌లో నిజాం లొంగిపోయాక పోరాటం ఆగలేదు. ఈసారి భారత సైన్యం ఎదురుగా, 1951 అక్టోబర్ దాకా సాగింది. ఆ మూడేళ్ళూ ఈ రెండు నవలలకీ అవతలే ఉండిపోయాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటలు చదవండి. దళంతో తిరగడం కోసం కన్నబిడ్డని వదులుకోవాల్సి వచ్చిన తల్లి బాధ అక్కడ దొరుకుతుంది. దొర దౌర్జన్యం గురించి రాయడానికి ఒక ధైర్యం కావాలి. మనవాళ్ళు మనవాళ్ళకి చేసింది రాయడానికి ఇంకో రకం ధైర్యం కావాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మాది ఓడలరేవు. వైనతేయ సముద్రంలో కలిసేచోటు. మాకు టౌనంటే అమలాపురం. 2022 మే 24న, జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దంటూ మొదలైన నిరసన ఇళ్ళు తగలబెట్టేదాకా పోయింది. తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. దాన్ని యుద్ధం అనను. కానీ మంటల వీడియోలు ఫోన్లలో అందరూ చూశారు. ఆ మంటకి ముందు సంగతి ఏ వీడియోలోనూ లేదు. ఎవరి ఇంట్లో ఎవరికి మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇచ్చేవాళ్ళు, ఒకే బెంచీ మీద చదువుకున్న కుర్రాళ్ళు ఎప్పట్నుంచి విడివిడిగా తిరగడం మొదలెట్టారు, ఒక పేరు వింటే కొందరికి అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చింది... ఇవి నవల చెయ్యాల్సిన పనులు.

కోనసీమలో ఎవరైనా ఆ నవల రాస్తుంటే, ఆళ్వారుస్వామిలాగా ముందు నుంచి మొదలుపెట్టమంటాను, ఒక పదేళ్ళ ముందు నుంచి. కానీ మంట దగ్గర ఆగొద్దంటాను. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ళ ఇళ్ళలోకీ, ఆ రాత్రి తలుపులేసుకుని కూర్చున్న దళితపేటల్లోకీ కూడా వెళ్ళాలి. వాళ్ళూ వీళ్ళూ మర్నాడు ఒకే ఆటోలో ఎలా కూర్చున్నారో కూడా రాయాలి.