ఆంధ్రుల సాంఘిక చరిత్ర - సాక్ష్యవిచారము

సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లోఁ బ్రకటితమైనది. తెలుఁగునకు సాహిత్య అకాడమీ తొలి పురస్కారము 1955లో నీ గ్రంథమునకే లభించెను. పండితులు దీనిని బెక్కుచోట్ల ఆటలకు, వంటలకు, వేడుకలకు నిఘంటువువలె వాడుచున్నారు. అంతమాత్రము చాలదు. ప్రజలకు న్యాయము కోరువాఁ డెట్టి సాక్ష్యమును దేవలెనను ప్రశ్నకు నీ గ్రంథ మొక యుత్తరము. ఆ యుత్తర మెంతవఱకు నిలుచునో విచార్యము.

రాజుల యుద్ధములే చరిత్ర కావని గ్రంథకర్త నిశ్చయము. అందుచేతఁ గ్రీడాభిరామము, సింహాసన ద్వాత్రింశిక, శుకసప్తతి, హంసవింశతి మొదలగు కావ్యములను సాక్షులుగాఁ బిలిచిరి. ఇతరులు శృంగారమునకై చదివిన హంసవింశతిలో వీరికి వృత్తులవారి పనిముట్లు కనఁబడెను. 1934 నాఁటి 'గోలకొండ కవుల సంచిక'యందును నిదియే పద్ధతి: నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరన్న యపవాదునకు 354 మంది కవులను జూపుటయే సమాధానము. ఆవేశమునకు బదులు ఆధారమును జూపుట ఈ రచనకుఁ బ్రధానగుణము.

దోష మొకటి గలదు. పిలువఁబడిన సాక్షులలోఁ బెక్కుమంది చదువుకొన్నవారు. కూలివాఁడు వారి పద్యములలోఁ గనఁబడును గాని తాను పలుకఁడు. గ్రంథకర్త పాలమూరు సీమవారు. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. కావున వారి పద్ధతిని వనపర్తి సీమలోని వీపనగండ్ల ప్రాంతముననే పరీక్షించుట యుక్తము.

ఆ ప్రాంతమునకుఁ బొరుగున జటప్రోలు గలదు. సంస్థానాధీశుఁడు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమును రచించెను. ఎలకూచి బాలసరస్వతి భర్తృహరి సుభాషితములను మల్లభూపాలీయముగాఁ దెలిఁగించెను. ఈ పాండిత్యము గౌరవార్హమే. అయినను గృష్ణయొడ్డున సేద్యము చేసినవాని కూలియెంతో తెలియుటకు నివి చాలవు.

తరువాతి చరిత్ర ఈ లోపమును మఱింత స్పష్టపఱచినది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీశైలము జలాశయమున 1981 నాఁటికి నూఱుకు మించిన గ్రామములు మునిఁగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి యలంపురమునఁ దిరిగి కట్టిరి. జటప్రోలు మదనగోపాలస్వామి యాలయమును నట్లే తరలించిరి. శిలల కంతటి శ్రద్ధ లభించినది. మనుష్యులకో, కుటుంబమున కొక యుద్యోగమను 98వ ఉత్తరువు 1986లోఁ గాని రాలేదు; వచ్చినపిదపను బెక్కుమంది దశాబ్దములు నిరీక్షించిరి. ఇతరసీమలలో ఆనకట్టలు కట్టిన పాలమూరు మట్టిపనివారి పొలములకు నీరు దక్కలేదు. వాతావరణము మాఱుటకు వీరు చేసినది స్వల్పము. వానలు తప్పిన యేఁట మొదట వలసపోవువారు వీరే.

సాంఘిక, ఆర్థిక, వాతావరణ న్యాయములకై నేఁడు వాదించు ప్రజాసంఘములు ప్రతాపరెడ్డిగారి పద్ధతిని గైకొని, దాని లోపమును సవరింపవలెను. నిర్వాసితుల యర్జీలు, మునిఁగిన పొలముల పేళ్లు, వలసకూలీల పాటలు సాక్ష్యములుగాఁ జేరవలెను. ఆ సీమవాఁడే యైన గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'నకు 2021 సంవత్సరపు అకాడమీ పురస్కారము వచ్చుటచేఁ బాటకుఁ బండితసభలో స్థానము కలిగినది. కాని పాట దుఃఖమును దెలుపును; ఎవరి కేమి రావలెనో లెక్క చెప్పదు. ఉత్తరువు లెక్క చెప్పును; దుఃఖ మెఱుఁగదు. ఈ రెంటిని గలిపి చదివినపుడే సాంఘిక చరిత్ర సంపూర్ణమగును.