ఇంటి ముందు పసుపు ప్లేటు

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు కాపురముండే ఓ తెలుగు కుటుంబం చేతిలో నాలుగు చక్రాల బండి కొనేంత డబ్బు పోగైందనుకుందాం. రెండు బళ్లకు చాలదు, ఒక్కదానికే సరిపోతుంది. కారు కొనమని చుట్టాలంటారు. పిల్లలైతే రంగు కూడా ఎంచి పెడతారు. నన్నడిగితే ఆ ఇంటికి కావలసింది టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీ. రోజంతా కిరాయికి తిప్పి బతికే డ్రైవరు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. అతనికి వేరే దారి లేదు కనక వాదనా అక్కర్లేదు. నాలుగు సాంచాలో (మరమగ్గాలో), ఒక ఎంబ్రాయిడరీ మిషనో, చీరలకు లేసు కుట్టించే పనో, చివరికి ఓ కిరాణా కొట్టో పెట్టుకుని ఇల్లూ పనీ ఒక్క గల్లీలోనే నడుపుకునే వాళ్ల గురించి చెబుతున్నాను. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన పద్మశాలీలు మొదట ఇతరుల సాంచాల మీద షిఫ్టులు చేశారు. వాళ్లలో కొందరు తర్వాత ఇలా సొంతంగా నిలదొక్కుకున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే అక్కడ మనవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదని తెలుస్తూనే ఉంది. ఈ ఇళ్లలో బండి అవసరం ఎక్కడ పుడుతుందో చూడకుండా కారా, ట్రాలీయా అన్నది తేలదు.

సూరత్‌లో గుడ్డ ఒక్కచోట తయారవదు. యార్న్ పెట్టెలు వ్యాపారి గోదాం నుంచి వార్పింగ్‌కు వెళ్తాయి. అక్కడ చుట్టిన బీములు సాంచాల కార్ఖానాకు వస్తాయి. నేసిన గ్రే తాకాలు, అంటే రంగు వేయని గుడ్డ కట్టలు, రింగ్ రోడ్డు మీది సేఠ్ దుకాణానికో, నేరుగా పాండేసరా, సచిన్, కడోదరా వైపున్న రంగుల మిల్లుకో పోతాయి. రంగూ ప్రింటూ పడ్డాక మళ్లీ మార్కెట్‌కు, అక్కడి నుంచి ఎంబ్రాయిడరీకి, ఆపైన రాళ్లూ లేసులూ కుట్టే ఆడవాళ్ల ఇళ్లకు, తిరిగి మడతకూ ప్యాకింగుకూ, చిట్టచివర పార్శిల్ కట్టలై ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు. చీర ఊరు దాటేలోగా ఊళ్లోనే అన్నిసార్లు బండెక్కి దిగుతుంది. వీటిలో చాలా ప్రయాణాలు నాలుగైదు మైళ్లకు మించవు. సరుకు లారీ నిండేంత ఉండదు, స్కూటర్ మీద పట్టేంత తక్కువా ఉండదు. బీము సంగతే తీసుకోండి. పొడవాటి ఇనప గొట్టం, రెండు కొసల్లో గుండ్రటి రేకులు, మధ్యన వేలాది పోగులు. దించేటప్పుడు చెయ్యి జారినా, దారిలో ఏ అంచుకైనా ఒరుసుకున్నా పోగులు తెగుతాయి. వాటిని వెతికి అతికేసరికి ఓ పూట గడిచిపోతుంది. అందుకే తొట్టిలో పాత గోనెలు పరిచి, బీము దొర్లకుండా రెండు వైపులా చెక్క ముక్కలు దూర్చి, తాడు గొట్టానికే వేస్తారు తప్ప పోగుల మీదికి రానివ్వరు. ట్రాలీ తొట్టి నడుము ఎత్తులో ఉంటుంది కనక ఇద్దరు మనుషులు బీమును భుజం మీంచి తిన్నగా అందులోకి దించగలరు. లారీకైతే పైనుంచి అందుకోవడానికి మరో ఇద్దరు కావాలి. ఇద్దరితో అయ్యే పనికి నలుగురిని పిలిచే స్తోమత నాలుగు సాంచాల యజమానికి ఉండదు.

ఈ బండి పుట్టుకలోనే ఇలాంటి లెక్క ఉంది. టాటా మోటార్స్ దీన్ని 2005 మేలో మార్కెట్లోకి తెచ్చింది. గిరీశ్ వాఘ్ నడిపించిన బృందం గీతలు గీయడానికి ముందే మూడు చక్రాల సరుకు ఆటోల వాళ్లని కలిసి, ఎలాంటి బండి కావాలో అడిగింది. నాలుగు చక్రాలుంటే ఊళ్లో మంచి పెళ్లి సంబంధాలొస్తాయన్న జవాబు కూడా వాళ్లకు దొరికిందట! తర్వాత ఇండికా కారులోని 1405 సీసీ డీజిల్ ఇంజనులో సరిగ్గా సగం తీసుకుని, రెండు సిలిండర్లతో 702 సీసీ ఇంజను కట్టారు. శక్తి 16 హార్స్‌పవర్, మోసే బరువు 750 కిలోలు, అప్పటి ధర రెండు లక్షల పాతిక వేల ప్రాంతం. జనం దాన్ని ఛోటా హాథీ అన్నారు. ఆ తర్వాత మహీంద్రా నుంచి మ్యాక్సిమో, 2015లో జీతో వచ్చాయి. 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చింది. కాగితం మీద చూస్తే ఈ అంకెలన్నీ పేదగానే ఉంటాయి. కానీ బేగంపురా, సలాబత్‌పురా గల్లీల్లో తిరగాల్సిన బండికి అయిదడుగుల లోపు వెడల్పు, ఇరుకు మలుపులో ఒక్క తిప్పులో వెనక్కి మళ్లే గుణం కావాలి. హైవే మీద తొంభైలో పరుగెత్తే ఇంజను అక్కడ దండగ. జపాన్‌లో ఈ లెక్క ఇంకా ముందే వేశారు. అక్కడి కే ట్రక్కు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సీసీ దాటకూడదు, మోసేది 350 కిలోలు. రైతులు దాన్నే పొలానికీ అంగడికీ రోజూ వాడుకుంటారు, పెద్ద బండి లేదే అని ఎవరూ చింతించరు.

పోర్టర్ లాంటి యాప్‌లు సూరత్‌లోనూ ఉన్నప్పుడు బండి కొని నెలనెలా వాయిదాలు ఎందుకు కట్టాలన్నది గట్టి ప్రశ్నే. ముందే తెలిసిన ప్రయాణాలకు కిరాయి బండి చాలు, సందేహం లేదు. వారానికి రెండుసార్లు మిల్లుకు తాకాలు పంపేవాడు ట్రాలీ కొంటే అది ఇంటి ముందు ఎండకు ఎండడం తప్ప ప్రయోజనం ఉండదు. దీపావళి తర్వాత మార్కెట్ మూతబడే రోజుల్లో పని ఆగుతుంది, వాయిదా ఆగదు, ఇదీ ఒప్పుకోవాల్సిందే. అయితే ఈ ఇళ్ల పనిలో సగం ముందే తెలిసేది కాదు. సాంచాలు పన్నెండు గంటల షిఫ్టుల్లో రాత్రీ పగలూ నడుస్తాయి. బీము రాత్రి ఏ వేళ అయిపోతుందో, మోటారు ఎప్పుడు కాలుతుందో, ఎంబ్రాయిడరీ వాడు సరుకు సిద్ధమని ఎప్పుడు ఫోన్ చేస్తాడో ఎవరూ చెప్పలేరు. యాప్‌లో బండి దొరుకుతుంది, వస్తుంది కూడా. కానీ గల్లీ మొదట్లో ఆగి లోపలికి రానంటే? ఎక్కించేటప్పుడు అరగంట ఆలస్యమై వెయిటింగ్ ఛార్జీ మొదలైతే? సొంత బండి ఉన్నవాడు సాయంత్రమే సరుకు ఎక్కించి తాడు కట్టి ఉంచుతాడు, రద్దీ లేని తెల్లవారుజామున బయల్దేరతాడు. పగలు రద్దీ వేళల్లో రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ కింద ఇరుక్కుపోయిన టెంపోల వరసలు చూసినవారికి ఆ వేళ విలువ వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి నెలలో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందని లెక్క వేయొద్దు. సరుకు సిద్ధమైనా బండి లేక పని ఎన్నిసార్లు నిలిచిపోయిందో ఓ రెండు నెలలు కాగితం మీద రాసుకుని అప్పుడు తేల్చుకోండి.

అంత అవసరమున్నప్పుడు ఎలాగూ అప్పు చేస్తున్నాం కదా, ఇంకాస్త వేసి బొలెరో పికప్పే తీసుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. సూరత్ నుంచి నవసారి, భరూచ్ దాకా తిరిగేవాడికి నేనూ అదే చెబుతాను. గల్లీ వ్యాపారానికి మాత్రం పెద్ద తొట్టి ఒక చెడ్డ అలవాటు నేర్పుతుంది: అది నిండేదాకా సరుకు ఆపడం. జాబ్ వర్క్‌లో డబ్బు తొందరగా తిరిగేది సరుకు కొంచెం కొంచెంగా, త్వరత్వరగా కదిలినప్పుడే. అయితే చిన్న బండితో వచ్చే అసలు ప్రమాదం దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. గుడ్డ మెత్తగా కనిపిస్తుంది కనక బరువు తెలియదు. తాకా పది కిలోలనుకుంటే 75 తాకాలకే 750 కిలోలు నిండిపోతాయి. తొట్టి పైన మాత్రం క్యాబిన్ ఎత్తు దాకా ఇంకా బోలెడంత చోటు మిగిలే ఉంటుంది. కళ్లు చోటును చూసి ఇంకో ఇరవై వేయమంటాయి. వేసేశాక వెనక కమాన్ కట్టలు వంపు పోయి చదునవుతాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, బ్రేకు వేశాక బండి ఇంకో నాలుగు గజాలు పోయి గానీ ఆగదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకూ మరో 2,000. ఆ జరిమానా లేకపోయినా నా మాట ఇదే. రెండు ట్రిప్పుల సరుకును ఒక్క ట్రిప్పులో లాగితే మిగిలే డీజిల్ కన్నా ముందే అరిగే టైర్లూ, క్లచ్ ప్లేటూ ఎక్కువ ఖర్చు. చిన్న బండితో కాపురం చేయదలచుకున్నవాడు తన సరుకు ఒక్కో కట్ట బరువెంతో ఒకసారి కాటా మీద తూయించి, ఎన్నింటికి ఆగాలో ఆ అంకెను తలుపు లోపలి వైపు రాసి పెట్టుకోవాలి.

ఇక అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఇంట్లోంచే వస్తుంది. బండిలో ఉన్నది రెండు సీట్లు, ఇంట్లో ఉన్నది అయిదుగురు. బతుకమ్మకు, పెళ్లికి, మార్కండేయ గుడికి ఎలా వెళ్లాలి? చాలామంది దీనికి చెప్పే జవాబు అందరికీ తెలిసిందే: వెనక చాప పరచడం. వినాయక నిమజ్జనం రోజున విగ్రహం చుట్టూ పిల్లలు నిండిన ట్రాలీలు తాపీ నది వైపు పోతుంటే చూడటానికి సంబరంగానే ఉంటుంది. చట్టం దృష్టిలో ఆ తొట్టిలో ఎక్కదగినది విగ్రహమే. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో తేల్చి చెప్పింది. సరుకు యజమానికీ, అతను అధికారికంగా పంపిన మనిషికీ 1994 సవరణ తర్వాత రక్షణ ఉంది. భార్యాపిల్లలు సరుకు కింద లెక్కకు రారు. కాబట్టి ట్రాలీ కొనేవాడు కుటుంబ ప్రయాణాన్ని ఈ బండి లెక్కలోంచి పూర్తిగా తీసేయాలి. ఆటోలున్నాయి, 2014 నుంచి బీఆర్‌టీఎస్ బస్సులున్నాయి. ఏడాదిలో కుటుంబమంతా కలిసి వెళ్లే నాలుగు రోజులకు కారు కిరాయికి తెచ్చుకున్నా, కారు కొని సరుకుకు రోజూ టెంపో పిలవడం కన్నా చవకే. అయిదు సీట్లూ తొట్టీ రెండూ ఉన్న బళ్లు మన దేశంలో లేకపోలేదు. బొలెరో క్యాంపర్ ఉంది. డబ్బున్నవాళ్లకు ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ ఉన్నాయి. షికారుకు తొట్టి కావాలన్నవాడికి అయిదు సీట్లిచ్చిన కంపెనీలు, తొట్టితో బతికేవాడికి ఏస్ సైజులో నాలుగు సీట్ల బండి ఎందుకివ్వవో నాకైతే అర్థం కాదు.

వాన విషయంలో ట్రాలీని వెనకేసుకు రావడం కష్టం. 2006 ఆగస్టు వరదను పక్కన పెట్టినా, గట్టి వాన పడితే లింబాయత్, పర్వత్ పాటియా వైపు ఖాడీలు, అంటే వాగులు, పొంగి వీధుల్లోకి వస్తాయి. ఎక్కించడానికి అనువైన ఆ తక్కువ ఎత్తే అప్పుడు శత్రువవుతుంది. తార్పాలిన్ పైనుంచి పడే నీళ్లను ఆపుతుంది, కింది నుంచి చిమ్మే బురదను ఆపదు. వానాకాలంలో తొట్టి అడుగున చెక్క పలకలు వేసి దాని మీదే తాకాలు పేర్చాలి. ఖాడీ పొంగిన రోజున సరుకు కదపకపోవడమే తెలివి.

కాగితాల సంగతికొస్తే, జనం భయపడేంత చిక్కు లేదు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ కింద పర్మిట్ అక్కర్లేదు. ఏస్ లాంటివి అందులో సగం దగ్గరే ఆగిపోతాయి. పెద్ద పికప్‌లలో కొన్ని ఆ గీత దాటతాయి. కారు లైసెన్సుతో ట్రాలీ నడపొచ్చా అన్న పాత తగాదాకు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తెర దించింది: 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్ఎంవీ లైసెన్సు చాలు. అంటే ఇంట్లో కారు నేర్చుకున్న ఆడపిల్ల కూడా దర్జాగా దీన్ని నడపొచ్చు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా తీసుకోవాలి. నాకు అభ్యంతరమున్నది ఇలాంటి రవాణా బళ్లకు వేసే పసుపు ప్లేటు వెనకున్న దృష్టి మీద. జపాన్‌లో పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకపు చిన్న బండి. కిరాయికి తిరిగేదానికి నల్ల ప్లేటు వేరే ఉంది. మన దగ్గర సొంత తాకాలు మోసే ట్రాలీకీ, ఊరందరి సరుకూ మోసే ట్రాలీకీ ఒకటే ప్లేటు. 1939 నాటి చట్టం సొంత సరుకు బండినీ కిరాయి బండినీ వేరుగా చూసేది, 1988 చట్టం ఆ తేడా తీసేసింది. విచిత్రమేమిటంటే ఆ తేడా బీమా పట్టికలో మాత్రం ఇంకా బతికే ఉంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 7,500 కిలోల లోపు సరుకు బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం కిరాయిదైతే 16,049 రూపాయలు, సొంత సరుకుకైతే 8,510. వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 మాత్రమే. కాబట్టి సొంత సరుకే మోసేవారు ఏజెంటు నింపి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు, తమ బండిని పబ్లిక్ క్యారియర్‌గా రాశాడా, ప్రైవేట్ క్యారియర్‌గా రాశాడా చూసుకోండి. ప్రైవేట్ అని రాయించుకున్నాక పక్కింటివాడి సరుకు ఒక్కసారి కూడా డబ్బు తీసుకుని మోయకండి. ఆ ట్రిప్పులో ప్రమాదం జరిగితే పాలసీ షరతు తప్పారని కంపెనీ ఆ నష్టాన్ని మీ నెత్తినే వేయొచ్చు.