లేని రోగికి అల్లిన కేస్‌షీట్

ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ అంటే చాలాచోట్ల లాగిన్ ఎలా అవ్వాలి, రోగి పేరు ఎలా వెతకాలి, ఏ బటన్ నొక్కితే ఏ పేజీ వస్తుంది అన్నంతవరకే. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ బృందం అంతటితో ఆగలేదు. ఐసీయూలో ఉన్నట్టుగా ఒక రోగిని కల్పించింది. మంచం మీద ఎవరూ ఉండరు, కంప్యూటర్‌లో ఐదు రోజుల రికార్డు మాత్రం ఉంటుంది. అందులో కావాలని పెట్టిన భద్రతా లోపాలు 14. జూనియర్ డాక్టరుకు పది నిమిషాలు ఇస్తారు. రికార్డు చదివి, రోగి పరిస్థితి ఏమిటో, ఇవాళ ఏం చెయ్యాలో చెప్పాలి.

నాకు అబ్బురమనిపించేది ఆ రికార్డు కట్టిన పనితనం. ఇలాంటి కేసులో ఒక్క లోపం ఎలా పెడతారో చూడండి. రోగికి యాంటీబయాటిక్ నడుస్తోంది అనుకుందాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మొదటిరోజు 1.1, మూడోరోజు 1.7, ఐదోరోజు 2.6. కిడ్నీలు దెబ్బతింటున్నాయి, మందు డోసు మాత్రం తగ్గించకుండా మొదటిరోజుదే ఉంది. ల్యాబ్ రిపోర్టు ఒక స్క్రీన్‌లో ఉంటుంది, మందుల చార్టు ఇంకో స్క్రీన్‌లో ఉంటుంది. దాచిపెట్టింది ఏమీ లేదు. రెంటినీ కలిపి చూడటమే విద్యార్థి చెయ్యాల్సిన పని.

అసలు కష్టం మిగతా రికార్డుదే. క్రియాటినిన్ పెరుగుతుంటే నర్సు రాసే చార్టులో మూత్రం తగ్గుతూ రావాలి. జ్వరం ఎక్కిన గంటలో నాడి వేగం కూడా పెరగాలి. డాక్టర్ నోట్‌లో నిన్నటి వాక్యం ఇవాళ మక్కీకి మక్కీ కనిపించాలి, నిజమైన వార్డుల్లో జరిగేదదే కనుక. ఒక్క అంకె పొసగకపోయినా, చదివేవాడికి ఇది ఉత్తుత్తి కేసని తెలిసిపోతుంది. ఇంత ఓపికగా మామూలు విషయాలు రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

ఫలితాలు 2013లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చాయి. పాల్గొన్న 38 మంది సగటున 41 శాతం లోపాలే పట్టుకున్నారు. ఒకరు 6 శాతం దగ్గరే ఆగితే, ఇంకొకరు 73 దాకా వెళ్లారు. ఇంటర్న్‌లు 35 శాతం, అనుభవం ఎక్కువున్న ఫెలోలు 50 శాతం. అన్నేళ్ల తేడాకు దక్కింది ఇంతేనంటే, చదువులో లోటు ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. సమాచారం అనేక స్క్రీన్‌లలో చెదిరి ఉండటం కూడా కారణం కావచ్చు. లోపాలు ఎందుకు కంటపడవన్నది అసలు రోగి మీద ప్రయోగం చేసి తేల్చగలిగేది కాదు.

తర్వాత ఇలాంటి కేసుల్నే నర్సులకు, ఫార్మసిస్టులకు కూడా ఇచ్చి చూశారు. ఒక్కొక్కరు రికార్డులో వెతికే చోటు వేరు, పట్టుకునే లోపాలు వేరు. ముగ్గురి కళ్లూ కలిస్తే దొరికే తప్పులు ఎక్కువయ్యాయి. అందుకే మన మెడికల్, నర్సింగ్, ఫార్మసీ కాలేజీలు ఈ పద్ధతి తెచ్చుకుంటే, మూడు చోట్ల మూడు క్లాసులు పెట్టకుండా ఒకే కేసు ముందు అందరినీ కూర్చోబెట్టాలని నా కోరిక.