రూబీ రాయ్, ఓ నల్లి, రెండు బాణీలు

ఆదివారం పొద్దున నాకో పని ఉంటుంది. దాన్ని పని అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరనుకోండి. ఒక బెంగాలీ పాటనీ, అదే బాణీలో వచ్చిన హిందీ పాటనీ ఒకదాని వెంట ఒకటి వింటాను. ఆ తర్వాత హార్మోనియం ముందేసుకుని రెంటినీ వాయించి చూస్తాను. మాటలు తీసేశాక రెండూ ఒకటే కావాలి కదా! కావు. ఒకచోట స్వరం కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది, ఇంకోచోట చిన్న మలుపు ఎగిరిపోతుంది. అదెక్కడో పట్టుకునేసరికి టిఫిన్ చల్లారిపోయి ఉంటుంది.

ఈ వారం రూబీ రాయ్ దగ్గర మొదలుపెట్టాను. 'మొనే పొడే రూబీ రాయ్' 1969లో దుర్గాపూజకు రాహుల్ దేవ్ బర్మన్ స్వయంగా పాడిన పాట. రాసింది సచిన్ భౌమిక్, బొంబాయి సినిమాలకు కథలు అల్లిన మనిషి. ఆ పాటలోనూ ఒక కథ పెట్టేశాడు. మండే మధ్యాహ్నం, బస్సు దిగే అమ్మాయి, ఆమె కోసం ఒంటరిగా నిలబడ్డ కుర్రాడు. ఏళ్లు గడిచాక ఆమే అతన్ని చూసి, మిమ్మల్నెక్కడో చూసినట్టుందే అంటుంది. అంతే సంగతి. ఆర్డీ దాన్ని పాడినట్టు ఉండదు, టీకొట్టు దగ్గర స్నేహితుడికి చెప్పుకున్నట్టుంటుంది. నాలుగేళ్లకి అదే బాణీ 'అనామిక' (1973) సినిమాలో కిశోర్ కుమార్ గొంతులో తేలింది. మజ్రూహ్ మాటల్లో ఇప్పుడు అది దగా పడ్డవాడి శాపనార్థం. చక్కగా ఇంటిపేరుతో సహా ఉన్న పిల్ల హిందీకొచ్చేసరికి అనామిక అయి కూర్చుంది. కిశోర్ గొప్పగా పాడాడు, కాదనను. కానీ ఆ బస్‌స్టాపు ఎండ మాత్రం హిందీలోకి రాలేదు.

బెంగాల్లో పూజకు కొత్త బట్టలు కొన్నట్టే కొత్త పాటలూ కొనేవారు. గ్రామఫోన్ కంపెనీలు ఏటా ఆ రోజులకే రికార్డులు తెచ్చేవి. హెచ్.ఎం.వి. అయితే 'శారద అర్ఘ్య' అని పాటల పుస్తకం కూడా వేసేది. ఆ పాటకు హీరో ఉండడు, సన్నివేశం ఉండదు, పల్లవి ఇంకాస్త హుషారుగా ఉండాలండీ అనే నిర్మాత అసలే ఉండడు. బొంబాయిలో ఊపిరాడని పనిలో ఉన్న సలీల్ చౌధురి, హేమంత ముఖర్జీ, ఆర్డీ లాంటివాళ్లు పూజ పాటలు మాత్రం వదల్లేదు. హిందీ సినిమా పాటకు బెంగాల్ ఇచ్చిందేమిటి అని నన్నడిగితే, ఫలానా బాణీలు అని జాబితా చదవను. అడిగేవాడెవడూ లేకుండా బాణీ కట్టుకునే ఒక చోటు ఇచ్చింది అంటాను. బొంబాయిలో అమ్ముడైన సరుకు చాలాసార్లు ఆ చోట తయారైందే.

లతా మంగేష్కర్ పాడిన 'నా జేయో నా' అలాంటిదే. మాటలూ బాణీ రెండూ సలీల్ చౌధురివే. వెళ్లొద్దు, రాత్రి ఇంకా మిగిలే ఉంది అని బతిమాలే పాట. అది 'పరఖ్' (1960)కి వచ్చేసరికి శైలేంద్ర చేతిలో 'ఓ సజనా' అయి, వానపాటగా మారిపోయింది. ఇక్కడ మాత్రం నా ఓటు హిందీకే. ఆ బాణీలో చినుకుల లక్షణం ముందునుంచే ఉందనీ, శైలేంద్ర దాన్ని విని పట్టుకున్నాడనీ నా అనుమానం. 'జేతే జేతే పొథే హొలో దేరి' కూడా అంతే. ఆర్డీ బెంగాలీలో పాడుకున్న ఆ బాణీకి గుల్జార్ మాటలు రాస్తే 'ఆంధీ' (1975)లో 'తేరే బినా జిందగీ సే' అయింది. చరణాల మధ్య సంజీవ్ కుమార్, సుచిత్రా సేన్ మామూలుగా మాట్లాడుకుంటారు చూడండి, పాట వాళ్ల కోసం ఆగి నిలబడుతుంది.

హార్మోనియం మీద నాకు ఎక్కువ తగిలేది ఇంకొకటి. పాతకాలపు బెంగాలీ పాటకు, ముఖ్యంగా రవీంద్రసంగీతానికి, తరచు నాలుగు అంగాలుంటాయి. స్థాయీ, అంతరా, సంచారీ, ఆభోగ్. ధ్రుపద్ నుంచి వచ్చిన కట్టడం ఇది. మొదటిది మన పల్లవి, రెండోది పైస్థాయికి వెళ్లే చరణం. మూడోదైన సంచారీలోనే ఉంది మజా. పాట ఉన్నట్టుండి కిందికి, మంద్రానికి దిగి, అంతవరకూ తొక్కని దారి తొక్కుతుంది. నాలుగోది మళ్లీ అంతరా వరసలోనే ఉంటుంది. సినిమా పాటకు ఇంత తీరిక ఎక్కడిది? పల్లవి, చరణం, మళ్లీ అదే వరసలో ఇంకో చరణం. మనవీ ఎక్కువగా అంతే. బొంబాయి ప్రయాణంలో దారిలో జారిపోయింది సంచారీయే అనుకుంటాను. బెంగాలీ పాట విన్నాక హిందీది వింటే ఏదో మెట్టు తక్కువైనట్టు అనిపించేది చాలావరకు అక్కడే.

సచిన్ దేవ్ బర్మన్ దీన్ని తనదైన పద్ధతిలో సర్దుకున్నాడు. ఠాగూర్ దగ్గర ఎత్తుగడ మాత్రం తీసుకుని, ఆ తర్వాత తన దారిన తను పోయేవాడు. 'సుజాత' (1959)లో సునీల్ దత్ ఫోన్లో పాడుతుంటే నూతన్ రిసీవర్ చెవికి ఆనించుకుని కన్నీళ్లు పెట్టుకునే 'జల్తే హైఁ జిస్‌కే లియే'కి మూలం ఠాగూర్ 'ఏకదా తుమి ప్రియే'. 'అభిమాన్' (1973)లో 'తేరే మేరే మిలన్ కీ యే రైనా' మొదలయ్యే తీరు 'జొది తారే నాయ్ చినిగో'ది. అదే కాలంలో బెంగాల్లో సంగతి చూడండి. ఠాగూర్ పాటల హక్కులు 2001 చివరిదాకా విశ్వభారతివి. వాయిద్యాలు ఎక్కువయ్యాయనీ, పాడిన తీరు సరిగా లేదనీ అక్కడి మ్యూజిక్ బోర్డు అభ్యంతరాలు చెబితే, దేబబ్రత బిశ్వాస్ అంతటి గాయకుడు విసిగిపోయి రవీంద్రసంగీతం రికార్డు చేయడమే మానేశాడు. ఇంట్లోవాడికి అన్ని ఆంక్షలు, బొంబాయి వెళ్లినవాడికి లేవు! ఆ మాటకొస్తే ఠాగూరే ఏమైనా తక్కువ తిన్నాడా? స్కాట్లండ్ పాటలు తీసుకున్నాడు, బావుల్ గగన్ హర్‌కరా బాణీలో 'ఆమార్ సోనార్ బాంగ్లా' కట్టాడు. సింహేంద్రమధ్యమంలోని మన 'నీదు చరణములే' ఆయన చేతిలో 'బాజే కరుణ సురే' అయింది. దొరికితే విని చూడండి, తెలుగు చెవికి సొంత ఇంట్లో అడుగుపెట్టినట్టుంటుంది.

బర్మన్ దాదా తన పాటను కూడా వదల్లేదు. ఆయన బెంగాలీలో పాడిన 'నిశీథే జాయియో ఫులొబొనే' రాత్రిపూట పూలతోటకు వెళ్లే తుమ్మెద పాట. దాన్నే 'ధీరే సే జానా బగియన్ మేఁ' అని హిందీలోనూ పాడాడు. ఆ తర్వాత 'ఛుపా రుస్తుం' (1973)లో కిశోర్ కుమార్ చేత అదే వరసలో పాడించాడు. తోట కాస్తా మంచమైంది, తుమ్మెద నల్లి అయింది. నెమ్మదిగా వెళ్లు నల్లీ అని బతిమాలడం! వేరే ఎవరైనా ఈ పని చేసి ఉంటే కలకత్తాలో ఊరేగింపు తీసేవారు. కన్నతండ్రే చేశాడు కనుక నవ్వుకుని ఊరుకున్నారు.

ఇక హేమంత ముఖర్జీ, మనం హేమంత్ కుమార్ అని పిలుచుకునే ఆయన. 1959లో అసిత్ సేన్ తీసిన 'దీప్ జ్వేలే జాయ్'లో సుచిత్రా సేన్ నర్సు. మన 'చివరకు మిగిలేది' (1960)లో సావిత్రి వేసిన పాత్ర అదే. అందులోని 'ఏయ్ రాత్ తొమార్ ఆమార్' బాణీని హేమంత్ 1964లో తను నిర్మించిన 'కోహ్‌రా'లో 'యే నయన్ డరే డరే'గా వాడేశాడు. ఐదేళ్లయ్యాక అసలు సినిమానే హిందీలో తీయాల్సి వచ్చింది. 'ఖామోషీ' (1969). దర్శకుడు మళ్లీ అసిత్ సేనే, నిర్మాత మళ్లీ హేమంతే, 'కోహ్‌రా'లోలాగే నాయిక వహీదా రెహ్మాన్. పాట రావాల్సిన చోటు వచ్చింది కానీ బాణీ చేతిలో లేదు. దాంతో కొత్తది కట్టుకోవాల్సి వచ్చింది. అది 'తుమ్ పుకార్ లో'. మాటల కంటే ముందు ఆయన గొంతు ఊరికే ఒక కూనిరాగం తీస్తుంది. ధర్మేంద్ర ముఖం మనకు సరిగా చూపించరు, వీపే ఎక్కువ. మొదటి పాట ఈ రాత్రి మనిద్దరిదీ అనే ధీమాతో ఉంటుంది. రెండోదాంట్లో ఆ ధీమా లేదు, పిలుపు కోసం చూడటమే ఉంది. ఆ నర్సు కథకు రెండోదే సరిపోయిందని నా లెక్క. అంత మంచి బాణీని 'కోహ్‌రా'లో ముందే ఖర్చుపెట్టేశాడని నొచ్చుకునే బెంగాలీలు ఉండొచ్చు. ఆ తొందర మీద నాకు మాత్రం ఫిర్యాదు లేదు.