నెలలు నిండని శిశువుల దేహలయ: కొన్ని పరిశోధనలపై విమర్శ

ఈ వైట్‌ఫీల్డు ప్రాంతమున నెలలు నిండని బిడ్డ ఆసుపత్రి వీడి యిల్లు చేరినపుడు మన తెలుగు కుటుంబములలో పెద్దలడుగునది బరువొక్కటే. పరిశోధకులును చాలవరకు దానినే యడుగుచున్నారు. ఆ బిడ్డకు రాత్రి యేదో, పగలేదో తెలిసినదా యని యడుగువారు తక్కువ.

గర్భమునందు శిశువునకు కాలము తల్లి ద్వారమున తెలియును. రాత్రివేళ ఆమె దేహమున నూరు మెలటోనిన్ మాయను దాటి బిడ్డను చేరును. ఆమె భోజనవేళలు, దేహోష్ణము కూడ కాలసూచికలే. ముప్పది వారములకే కాన్పయినచో ఇవన్నియు నొక్కసారిగా తెగిపోవును. నెలలు నిండిన బిడ్డకే స్వంతలయ యేర్పడుటకు రెండు మూడు నెలలు పట్టును. ముందు వచ్చినవానికి ఇంకను ఆలస్యము. పైగా కాలేయమున చక్కెర నిలువ, చర్మము క్రింద కొవ్వు చేరునది చివరి నెలలలోనే. అవి చాలని బిడ్డ ఆకలికి తాళలేడు. కావున రెండు మూడు గంటలకొకమారు, రాత్రియనక పగలనక, పాలు పట్టవలసినదే. లయకు భంగమే యైనను ప్రాణరక్షణకు వేరు దారి లేదు.

ఈ కొఱతను వెలుగుచీకట్లతో తీర్చజూచిరి. 2004లో అమెరికాయందలి రివ్‌కీస్ బృందము, ఆసుపత్రిలో పగటివెలుగు, రాత్రిచీకటి యెఱిగిన శిశువులు ఇల్లు చేరిన కొలది దినములకే పగటిపూట ఎక్కువ కదలాడిరనియు, నిరంతరము మసకవెలుగున నున్నవారికి ఆ భేదము మూడు వారములు దాటినగాని కానరాలేదనియు తెల్పెను. 2014లో మెక్సికోయందలి వాస్క్వెజ్-రూయిజ్ బృందము శిశువుల తలలకు తొడుగులుంచి రాత్రిని కల్పించెను. వారు త్వరగా బరువు పెరిగి, ముందుగా ఇల్లు చేరిరి. యుక్తి మెచ్చదగినదే. కాని వారిని పోల్చినది ఎడతెగని దీపకాంతిలో నున్న శిశువులతో. మరి తేలినది చీకటి చేసిన మేలా, ఆరని దీపము చేసిన కీడా? 2016 నాటి కోక్రేన్ సమీక్ష సైతము వెలుగుచీకట్ల వైపే మొగ్గినను, అధ్యయనములు చిన్నవని హెచ్చరించినది.

నా ప్రధానాక్షేపము వేరు. వీరు మార్చి చూచినది వెలుగునే, పాలవేళను కాదు. రాత్రిపాలలో మెలటోనిన్ ఉండును, పగటిపాలలో దాదాపు ఉండదు. ఉదయపుపాలలో కార్టిసాల్ హెచ్చు. పిండి నిలువజేసిన పాలు ఏ వేళవో చూడక పట్టినచో, అర్ధరాత్రి బిడ్డకు ఉదయపుపాలు చేరును. సీసాపై తేదీతోపాటు గంటయు వ్రాసి పరీక్షించుటకు ఒక కలము చాలును. పాలు చాలనిచోట వేళ చూచి పారబోయుట మాత్రము అవివేకము.

ఇక ఇంటి సంగతి. 1882లో ఆంగ్లో-ఇండియనుల సేద్యపుటూరుగా వెలసిన యీ వైట్‌ఫీల్డులో నేడు మనవారనేకులు అమెరికా వేళలకు పనిచేయుదురు. ఆసుపత్రిలో రాత్రి దీపము తగ్గించి పెంచిన బిడ్డ, ఇచట పడకగదిలో ఒంటిగంటవేళ కంప్యూటరు వెలుగున మేలుకొనును. చీకటి పురిటిగదిని మనము మోటని విడిచితిమి. దానిలో పగలు లేకుండుట నిజమే గాని, రాత్రి యుండెడిది. రివ్‌కీస్ బృందమునకు లయ కానవచ్చినదియు ఇల్లు చేరిన పిమ్మటనే గదా! ఇచటి యిండ్లలో ఉయ్యాలచెంత వెలుగును గంటగంటకు కొలిచి, బిడ్డ నిద్రతోను బరువుతోను సరిచూచు పనికి మన యువవైద్యులెవరైన పూనుకొన్నచో, తమ గదిలో దీపమెపుడారునో నిజము చెప్పుటకు తల్లిదండ్రులును సిద్ధపడవలసియుండును.