లేని సీసా రుచి

2008 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ఒక వైన్ వేలం. ఫ్రాన్స్‌లోని బర్గండీ నుంచి వచ్చాయని చెప్పిన పాత రెడ్ వైన్లు కొన్ని అందులో అమ్మకానికి పెట్టారు. లేబుల్ మీద పోన్సో కుటుంబం పేరు, క్లో సాన్ దనీ అనే తోట పేరు, 1945 నుంచి 1971 మధ్య సంవత్సరాలు. ఆ కుటుంబం వ్యాపారం చూసుకునే లొరాన్ పోన్సో ఫ్రాన్స్ నుంచి విమానమెక్కి వచ్చి మరీ వాటి అమ్మకం ఆపించాడు. కారణం చాలా సింపుల్. తోట పాతదే, పోన్సోలూ పాతవాళ్ళే. కానీ వాళ్ళు ఆ తోట వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980లలో.

జెర్రీ రాత్‌వెల్, రూబెన్ అట్లాస్ తీసిన ‘సోర్ గ్రేప్స్’ (2016) డాక్యుమెంటరీ ఈ మోసం గురించే. ఆ సీసాలు అమ్మకానికి తెచ్చినవాడు రూడీ కుర్నియావాన్, ఇండోనేషియా నుంచి కాలిఫోర్నియా వచ్చి స్థిరపడ్డ కుర్రాడు. రొమానే కాంటీ వైన్ మీద పిచ్చి చూసి స్నేహితులు ‘డాక్టర్ కాంటీ’ అని పిలిచేవాళ్ళు. 2006లో రెండు వేలాల్లోనే సుమారు 35 మిలియన్ డాలర్ల సరుకు అమ్మాడు. 2012లో అరెస్టు చేసినప్పుడు ఇంటినిండా కొత్తగా అచ్చువేసిన పాత లేబుళ్ళు, కార్కులు, రబ్బరు స్టాంపులు. 2014లో పదేళ్ళ జైలు.

సినిమా డిటెక్టివ్ నవలలా పరిగెడుతుంది, చూడొచ్చు. నాకు నచ్చనిది దాని నవ్వు. డబ్బు మదంతో ఉన్న మగవాళ్ళు ఖరీదైన సీసాల చుట్టూ చేరి ఆహా ఓహో అంటుంటే, వీళ్ళకి బాగా అయిందిలే అని మనం సోఫాలో కూర్చుని తృప్తిపడతాం. (‘వైన్స్’ బోర్డు కింద వైన్ తప్ప మిగతావన్నీ అమ్ముడుపోయే ఊళ్ళ నుంచి వచ్చిన మనకి ఈ తృప్తి మరీ సులభం.) కానీ వాళ్ళలో నాలుక లేనివాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి తాగి, నోట్సు రాసుకున్నవాళ్ళే ఎక్కువ. మరి ఎలా మోసపోయారు? దానికి జవాబు నేలమాళిగలో ఉంది. సినిమా అక్కడ ఎక్కువసేపు ఆగదు.

రెడ్ బర్గండీ అంటే దాదాపుగా పీనో న్వార్ ద్రాక్ష. పలచటి తోలు, లేత రంగు, వగరు కూడా తక్కువే. కుర్రతనంలో చెర్రీ, రాస్ప్‌బెర్రీ పళ్ళ వాసన. మంచి తోట వైన్‌ని 12, 13 డిగ్రీల దగ్గర, చీకట్లో, కాస్త తేమలో, కార్కు ఎండిపోకుండా సీసా పడుకోబెట్టి వదిలేస్తే కొన్నేళ్ళకి అది నోరు మూసుకుంటుంది. పళ్ళ వాసన పోతుంది, బదులుగా ఏమీ రాదు. ఆ దశలో తెరిచినవాడు డబ్బు దండగ అనుకుంటాడు. ఇంకా ఆగితే ఎండుటాకులు, పుట్టగొడుగులు, వానకి తడిసిన మట్టి, పాత తోలు. కెంపు రంగు అంచుల్లో ఇటుక రంగుకి తిరుగుతుంది, అడుగున మడ్డి పేరుతుంది. పెద్ద తోటల వైన్‌కి, మంచి సంవత్సరమైతే, పదిహేను ఇరవై ఏళ్ళు మామూలు. మనం పాత బియ్యం అన్నప్పుడు మెచ్చుకునేది కూడా వయసునే, కాకపోతే అక్కడ సంచికీ సంచికీ ఇంత తేడా రాదు.

ఇక్కడ వస్తుంది తేడా. ఒకే రోజు ఒకే పీపా నుంచి నింపిన రెండు సీసాలు, యాభై ఏళ్ళ తర్వాత, ఒకటి కార్కు బాగుండి, ఇంకోటి ఏదో వేసవిలో వేడి గోడౌన్‌లో ఉండి, వేరు వేరు వైన్లయిపోతాయి. అంటే ‘1945 అసలు రుచి’ అని పోల్చి చూడ్డానికి ఒక స్థిరమైన మూలప్రతి లేదు. పైగా తెరిస్తే తప్ప రుచి తెలియదు, తెరిస్తే ఇక అమ్మడానికి సీసా ఉండదు. టెస్ట్ రన్ చేస్తే ప్రోగ్రామే చెరిగిపోయే వ్యవస్థని ఏ టెస్టర్‌కిచ్చినా తల పట్టుకుంటాడు. కుర్నియావాన్ దూరింది ఈ సందులోనే. రుచి కొంచెం అటూ ఇటూ అయితే, పాత సీసా కదా, అలాగే ఉంటుంది అని తాగినవాడే సర్దిచెప్పుకునేవాడు.

సినిమా పట్టించుకోని అసలు నష్టం నా లెక్కలో డబ్బు కాదు. ఆ నకిలీలు తాగి ఆనందించినవాళ్ళ ఆనందం నిజమైనదే. ఆ రాత్రి వాళ్ళ నోట్లో ఉన్నది వాళ్ళకి నచ్చింది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. చెడిపోయింది వాళ్ళ సాక్ష్యం. నలభై ఐదు ఇలా ఉంటుంది అని జ్ఞాపకంలో దాచుకున్నది ఒక వంటింటి మిశ్రమాన్ని. రేపు అసలు సీసా ఎదురైతే దాన్ని ఆ జ్ఞాపకంతోనే పోలుస్తారు. అసలుదే తేడాగా అనిపించొచ్చు కూడా. విమర్శకుడికి ఇంతకన్నా భయపెట్టే విషయం ఇంకేముంటుంది? మనం కొలబద్ద అనుకున్నదే ఎవడో కోసి అతికించిన కర్ర.

అందుకే లొరాన్ పోన్సో నాకు ఈ సినిమాలో అందరికన్నా ఆసక్తిగా కనిపించాడు. తన వైన్‌ని పుట్టుక నుంచీ ఎరిగినవాడు, రుచి గురించి అందరికన్నా ఎక్కువ మాట్లాడగల అర్హత ఉన్నవాడు. అయినా కేసు కదిలించింది తేదీతో. వేమన పేరు మీద చలామణీ అయ్యే పద్యాల్లో ఏది వేమనది అన్న పంచాయితీలోనూ పద్యం బాగుండటం సాక్ష్యంగా పనికిరాదు. ప్రక్షిప్తం బ్రహ్మాండంగా ఉండొచ్చు. పరిష్కర్త భాష చూస్తాడు, ఛందస్సు చూస్తాడు, ప్రతి వయసు చూస్తాడు. రసజ్ఞులకి ఇది కొంచెం అవమానంగానే ఉంటుంది.

2015 డిసెంబర్‌లో టెక్సాస్‌లో అమెరికా ప్రభుత్వం కుర్నియావాన్ సీసాలు ఐదొందలకి పైగా నుజ్జు చేయించింది. అతని దగ్గర దొరికినవాటిలో అసలువని తేలిన సీసాల్ని అదే ఏడాది వేలం వేసి, వచ్చిన డబ్బుని బాధితులకు కేటాయించారు. గాజు, లేబుల్, కార్కు చూసి తేల్చారు. అమ్మాలి కాబట్టి ఒక్కటీ రుచి చూసే వీల్లేదు.